తుపాను రాత్రికి సూర్యదీపం

సముద్రతీరపు ఆంధ్రులకు ఆశ్వయుజ కార్తికాలు దీపాల నెలలు. దీపావళి అప్పుడే, కార్తిక దీపాలూ అప్పుడే. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టి, తీరం మీదికి వచ్చి, ఊళ్ళకు ఊళ్ళు చీకటి చేసేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదనే తీరం దాటింది. తితలీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతం మీద విరుచుకుపడి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. హుద్‌హుద్, తితలీల తరువాత గాలి తగ్గినా కష్టం తగ్గలేదు. స్తంభాలు విరిగాయి, తీగలు తెగాయి. కరెంటు రావడానికి రోజులు పట్టింది. పల్లెల్లో మరీ ఆలస్యమైంది.

"మాకేమండీ, ఇన్వర్టరు వుంది!" అనే గృహస్థులు ఇక్కడే పేజీ తిప్పబోతారు. కాస్త ఆగవలసిందని మనవి. మామూలు ఇంట్లో వుండే ఇన్వర్టరు రెండు ఫంకాలు, నాలుగు దీపాలతో ఐదారు గంటలు పనిచేస్తుంది. మళ్ళీ నిండాలంటే దానికీ కరెంటే కావాలి. గంటా రెండు గంటల కోతకు అది కొండంత అండ. మూడురోజుల చీకటికి మాత్రం మొదటి రాత్రే చేతులెత్తేస్తుంది. ఆ తరువాత ఇంట్లో ముసలివారు అర్ధరాత్రి లేవాలన్నా, పసిబిడ్డకు పాలు కలపాలన్నా, మందుసీసా మీద పేరు చదవాలన్నా కొవ్వొత్తే దిక్కు. వరద వచ్చిన ఊళ్ళో పాములూ తేళ్ళూ మెరక వెతుక్కుంటూ గుమ్మాల్లోకి వస్తాయి. అప్పుడు దీపం వుండటమూ లేకపోవటమూ ప్రాణంతో ముడిపడిన సంగతి అవుతుంది.

మన పెద్దలకు ఈ బాధ తెలుసు. వారింట్లో హరికేన్ లాంతరు వుండేది. తెలుగు మాస్టరును కనుక ఒక చిన్న ముచ్చట చెప్పకుండా వుండలేను. హరికేన్ అంటే గాలివానే. గాలివానలో కూడా ఆరదని ఆ దీపానికి ఆ పేరు వచ్చింది. మనవాళ్ళు తుపాను పేరునే లాంతరుకు తగిలించి, అర్థం అడగకుండా మూడు తరాలు చిమ్నీలు తుడిచారు. ఇప్పుడా లాంతరు అటక మీద కూడా లేదు. వున్నా అందులో పోయడానికి కిరసనాయిలు దొరకడం గగనం. దాని స్థానంలోకి సోలార్ దీపం వచ్చింది. వెలుగులో లాంతరు కంటే ఇదే మేలు. పొగ లేదు, నిప్పు భయం లేదు.

ఇందులో వుండే తెల్లని ఎల్‌ఈడీకి మూలం నీలికాంతి ఎల్‌ఈడీ. దానిని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, వారితోపాటు జపానులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నకమురా, ఈ ముగ్గురికీ నోబెల్ బహుమానం ప్రకటించింది 2014 అక్టోబరు 7న. సరిగ్గా ఐదురోజుల తరువాత విశాఖపట్నం చీకట్లో వుంది!

ఇక కొనుగోలు సంగతి. బజారులో సోలార్ లైట్లు రాసులు పోసినట్లున్నాయి. మూడువందలవీ వున్నాయి, మూడువేలవీ వున్నాయి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో బల్బులెన్నో రాస్తారు. దుకాణదారు దానిని వెలిగించి మన కళ్ళలోకి కొట్టి, "చూశారా సార్, ఎంత పవరో!" అంటాడు. దుకాణంలో వెలగని దీపం ఏదీ లేదు. మనం తెలుసుకోవలసింది అది రెండోరోజు రాత్రి వెలుగుతుందా అన్నది. దానికి కావలసినవి రెండే అంకెలు. ఆ రెండూ పెట్టె మీద చిన్న అక్షరాలతో వుంటాయి. లేకపోతే ఆ దీపం కొనవద్దు.

వంటింటి భాషలో చెప్పుకుందాం. సోలార్ పలక, అనగా ప్యానెల్, కుళాయి వంటిది. బ్యాటరీ బిందె. దీపం మన వాడకం. బిందె ఎంత పెద్దదైనా కుళాయి సన్నగా కారుతుంటే నిండేదెప్పుడు? చౌక దీపాల్లో జరిగే మోసం ఇదే. బ్యాటరీ ఫరవాలేదనిపిస్తుంది, నెత్తిన ప్యానెల్ మాత్రం అగ్గిపెట్టెంత వుంటుంది.

లెక్క చూడండి. బ్యాటరీ మీద 3.7 వోల్టులు, 2000 మిల్లీ ఆంపియర్ అవర్ అని వుందనుకుందాం. రెండిటినీ హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 7.4 వాటు గంటలు వస్తుంది. అంటే ఒక వాటు దీపాన్ని ఏడు గంటలు వెలిగించే సరుకు. ఇప్పుడు ప్యానెల్. మబ్బులేని రోజున, ఉదయ సాయంకాలాల ఏటవాలు ఎండలు కూడా కలుపుకుంటే, మన ప్రాంతంలో నిండు ఎండ నాలుగైదు గంటలు కాసినట్లు లెక్క. అరవాటు ప్యానెల్ అయితే ఆ రోజంతటికీ రెండుంబావు వాటు గంటలు. అందులో మూడోవంతు దారిలోనే పోతుంది. మిగిలేది ఒకటిన్నర. ఏడుంబావు పైచిలుకు బిందె నిండటానికి ఐదు రోజులు! అదే మూడు వాట్ల ప్యానెల్ అయితే రోజుకు తొమ్మిది దాకా వస్తుంది. ఒక్క మంచి ఎండతో బిందె నిండిపోతుంది.

ఇంటికి కావలసినదెంత? చీకటి పడింది మొదలు పది గంటల వరకు రెండువాట్ల వెలుగు, ఆ తరువాత తెల్లవార్లూ గుడ్డిదీపమంత వెలుగు. మొత్తం పది వాటు గంటల లోపు సరిపోతుంది. కనుక పది వాటు గంటల బ్యాటరీ, మూడు వాట్ల ప్యానెల్, మూడు మెట్ల వెలుగు వున్న దీపం ఒకటి సంసారుల ఇంటికి చాలు. ఇది వెయ్యి, పదిహేనువందల రూపాయల ప్రాంతంలో దొరుకుతుంది. దానికి తోడు చదువుకునే పిల్లల కోసం అమ్మే చిన్నదీపం ఒకటో రెండో తీసుకుంటే స్నానాలగదికీ, ముసలివారి మంచం పక్కకూ పనికివస్తాయి. ఐదువేలు పెట్టి ఒకే పెద్దదీపం కొనడం కంటే ఇది తెలివి. పెద్దదీపం వంటింట్లోకి పోతే హాలు చీకటి.

మిల్లీ ఆంపియర్ అవర్ అంకెలను గుడ్డిగా నమ్మరాదు. అరచేతిలో ఇమిడే తేలికపాటి లాంతరు మీద "10000" అని అచ్చు వేసి అమ్మేవారున్నారు. ఈ దీపాల్లో సాధారణంగా వుండేది బొటనవేలి లావున, రెండున్నర అంగుళాల పొడవున్న లిథియం గొట్టం. 18650 అని దాని కొలతనే పేరుగా పిలుస్తారు. అది సుమారు 45 గ్రాములు తూగుతుంది. మామూలుగా దొరికే మంచి రకంలో కూడా దాని కడుపులో సుమారు 3500 పడుతుంది. పదివేలు కావాలంటే అవి మూడు వుండాలి. చేతిలో పట్టుకుంటే ఆ బరువు తెలియాలి. లిథియంలోనే ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం వుంది. వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువ ఏళ్ళు మన్నుతుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా మన ఎండలకు అదే నయం. పాతరకం లెడ్ యాసిడ్ బ్యాటరీ లాంతర్లు ఇంకా అక్కడక్కడా అమ్ముతున్నారు. వాడకుండా నాలుగు నెలలు వుంచితే అవి పాడవుతాయి. అవి మనకు వద్దు.

సెల్‌ఫోను కూడా దీనితోనే ఛార్జి చేసుకుందామనే ఆశ చాలామందికి వుంది. నేటి ఫోను బ్యాటరీ సుమారు 19 వాటు గంటలది. పది వాటు గంటల దీపం తనను తాను ఖాళీ చేసుకున్నా ఫోను సగం నిండదు, పైగా ఆ రాత్రి దీపం కొండెక్కుతుంది. ఫోనుకు వేరే పవర్‌బ్యాంకు వుంచుకోవడం మేలు. దీపానికి మాత్రం ఫోను ఛార్జరుతో నింపుకునే యూఎస్‌బీ రంధ్రం తప్పక వుండాలి. ఎందుకంటే, సోలార్ దీపానికి అసలు పరీక్ష తుపాను నాడు ఎండ వుండకపోవడమే!

దట్టంగా మబ్బు పట్టిన రోజున ప్యానెల్ మామూలు రాబడిలో పదోవంతో ఐదోవంతో ఇస్తుంది. హోరుగాలిలో దానిని డాబా మీద పెట్టడం కూడా తగదు. ఎగిరివచ్చి ఎవరి తలకో తగులుతుంది. కాబట్టి దీపం ముందే నిండి వుండాలి. ఇందుకు వాతావరణశాఖ వారి హెచ్చరికలు మనకు గడియారంలా పనికివస్తాయి. తుపాను గురించి వారు మొదటి సూచన 72 గంటల ముందు ఇస్తారు. తరువాత 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు మరొకటి. మొదటి సూచన విన్ననాడే ఆకాశం ఇంకా తెరిపిగా వుండవచ్చు. దీపాలు ఎండలో పెట్టవలసింది ఆనాడు. 48 గంటల సూచన నాటికి ఏ దీపం నిండలేదో చూసి, కరెంటు వుండగానే ఛార్జరుకు తగిలించాలి. దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెతను ఇక్కడ కొంచెం తిరగవేసి, కరెంటు వుండగానే దీపం చక్కబెట్టుకోవాలి. తుపాను వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో ఎండ మళ్ళీ వస్తుంది, తీగలు మాత్రం అప్పటికి లేవవు. ఆ మధ్య రోజుల్లో మూడు వాట్ల ప్యానెల్ చేసే ఉపకారం అప్పుడు తెలుస్తుంది.

ప్యానెల్ దీపానికే అతికి వుండే రకం కంటే, మూడు నాలుగు గజాల తీగతో విడిగా వచ్చే రకం మంచిది. అతికినదైతే దీపాన్నే ఎండలో పెట్టాలి, బ్యాటరీ కూడా ఉడికిపోతుంది. విడిదైతే ప్యానెల్ డాబా మీద, దీపం నీడన. ప్యానెల్‌ను కాస్త దక్షిణానికి వాల్చి పెట్టాలి. కిటికీ అద్దం వెనుక పెడితే రాబడి పడిపోతుంది. ఆరవేసిన చీర నీడ ఒక మూల పడ్డా నష్టం ఆ మూలతో ఆగదు, రాబడి చాలావరకు పడిపోతుంది. అపార్టుమెంటులో వుండేవారు తమ బాల్కనీలోకి ఎండ ఏ వేళ వస్తుందో చూసుకున్న తరువాతే కొనాలి.

తోటలో గుచ్చే అలంకారపు లైట్లు పొద్దుగుంకగానే వాటంతట అవే వెలిగి, మనకు అవసరమయ్యే వేళకు ఆరిపోతాయి. పెళ్ళిళ్ళకు బాగుంటాయి.

వాననీటి సంగతి కూడా వుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచినప్పుడు కింది అంతస్తుల వారు పై అంతస్తులకూ డాబాలకూ చేరవలసి వచ్చింది. అటువంటప్పుడు దీపం చేత పట్టుకుని నీళ్ళలో నడవాలి. పెట్టె మీద ఐపీ అని రెండంకెలు వుంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. 65 అంటే పిచికారీ ధారకు ఆగుతుంది. 67 అంటే ఒక మీటరు లోతులో అరగంట మునిగినా ఫరవాలేదు. ఏ అంకే లేని దీపాన్ని వానకు దూరంగా వుంచాలి.

ప్రపంచ బ్యాంకు వర్గం వారు లైటింగ్ గ్లోబల్ పేరుతో మొదలుపెట్టిన పరీక్షలు ఇప్పుడు వెరాసోల్ పేరుతో సాగుతున్నాయి. ఆ ముద్ర వున్న దీపంలో "ఇన్ని గంటలు" అన్న మాట పరీక్షకు నిలిచినదని అర్థం. అలాగే మరలు విప్పి బ్యాటరీ మార్చగల దీపాన్నే ఎంచుకోండి. బొంబాయి ఐఐటీ వారు పల్లె విద్యార్థుల కోసం పెట్టిన సోలార్ దీపాల పథకంలో దీపాలను బిగించడం, మరమ్మతు చేయడం స్థానిక స్త్రీలకే నేర్పారు. మరమ్మతు చేసే మనిషి ఊళ్ళో వుంటే దీపం ఆయుస్సు పెరుగుతుంది. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే మాత్రం ఆ దీపం ఇక ముట్టుకోవద్దు. చెత్తబుట్టలో వేయకుండా పాత బ్యాటరీలు తీసుకునేవారికి ఇవ్వాలి.

కొన్న దీపాన్ని బీరువాలో భద్రం చేసే అలవాటు మనకుంది. లిథియం బ్యాటరీని నెలల తరబడి కదపకపోతే నీరసించి, ఒక్కోసారి మళ్ళీ లేవనే లేవదు. వారానికి ఒక సాయంకాలమైనా దానిని వెలిగించాలి. తులసికోట దగ్గరో, పెరట్లో అంట్లు తోమే చోటో ఏదో ఒక పని అప్పగిస్తే అదే గుర్తుంటుంది. వానలకు ముందు ఒకరోజు రాత్రి ఏడు గంటలకు మెయిన్ స్విచ్చి తీసివేసి, సోలార్ దీపాలతోనే వంట, భోజనం, పక్కలు సర్దడం కానివ్వండి. ఎక్కడ మేకు కావాలో, ఏ గదికి వెలుగు చాలదో ఆ ఒక్క రాత్రి చెబుతుంది. పిల్లలకు ఇది ఆటగా వుంటుంది. గడియారం పెట్టుకుని ఏ మెట్టు మీద ఎన్ని గంటలు వెలిగిందో వారినే లెక్క రాయమనండి. ఆ చీటీని దీపం వెనుక జిగురుతో అంటించండి. తుపాను రాత్రి అవి ఎవరికీ జ్ఞాపకం రావు.