అడవి లైలాకు: దాని తెగలు, దాని తీరు

మా సంఘ సభ్యులలో కొందరు ఈ నడుమ రంగుపటములు గల పూలమొక్కల జాబితాలను మాయొద్దకు దెచ్చి, అందు నీలిపూలతో నిండియున్న యొక పొదను జూపి, ‘‘దీనిని సంఘముద్వారా తెప్పించి యీయరాదా?’’ యని యడిగిరి. పటము క్రింద ‘అడవి లైలాకు’ అని వ్రాసియున్నది. పొద ముచ్చటగానే యున్నది. ఆకు కానరాకుండ పూచినది. వెల మాత్రము తక్కువగాదు. సొమ్ము పంపుటకు ముందు ఆ మొక్క పుట్టిన చోటెట్టిదో, ఏమి కోరునో, ఏమి యోర్వదో తెలిసికొనుట మేలని తోచి యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

మొదట పేరు సంగతి. అడవి లైలాకు నిజముగ లైలాకు కాదు. అసలు లైలాకు ఐరోపా ఆగ్నేయభాగమునను ఆసియా ఖండమునను పుట్టినది. మన మల్లె, జాజి, పారిజాతములు చేరిన కుటుంబమే దానిదియు. అడవి లైలాకునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సియనోథస్. అది రేగు కుటుంబములోనిది. పొలముగట్టున ముండ్లతో నిలిచి మన పంచెలు చింపు రేగుకంప దానికి దూరపు చుట్టమన్నమాట. పూలగుత్తి లైలాకు గుత్తిని బోలియుండుటచే ఆ పేరు వచ్చినదే గాని వంశముచే గాదు.

ఈ పొదలు ఉత్తర అమెరికా ఖండమున దప్ప మరియెచ్చటను తమంత మొలవవు. జాతులు ఏబదికి పైగా గలవు. వానిలో పెక్కింటికి పుట్టిల్లు పడమటి తీరమునందలి కాలిఫోర్నియా. ఒకే పేరున పిలువబడు ఈ జాతులలో ఎంత భేదము గలదో చూచిన ఆశ్చర్యము కలుగును. థిర్సిఫ్లోరస్ అనునది సముద్రపుటొడ్డు కొండలమీద ఇరువది యడుగుల వరకు పెరుగును. దానినే అచ్చటివారు నీలిపూల చెట్టందురు. 1816లో రష్యా దేశపు ‘రూరిక్’ అను ఓడ శాన్ ఫ్రాన్సిస్కో రేవున నిలిచినపుడు అందలి పండితులు దానిని సేకరించిరి. అర్బోరియస్ అనునది తీరమునకు ఎదుటనున్న దీవులలో పుట్టి, వెడల్పాటి యాకులతో చిన్నచెట్టే యగును. గ్రీసియస్ అను జాతిలో ఒక తెగ రెండుమూడడుగుల యెత్తు మించక, నేలపై పదియడుగుల మేర పరచుకొనును. వాలునేల కోసుకొనిపోకుండ దానిని నాటుదురు. గ్లోరియోసస్ అను జాతి ఆకులు దళసరిగా, అంచున ముండ్లు గలిగి యుండును. మెత్తని యాకు గల జాతులను జింకలు మేసిపోవును గాని దీనిజోలికి అంతగా రావు. కంచె వేయు రైతునకు పూవురంగుకంటె ఈ సంగతియే ముఖ్యము. పూలు ముదురు నీలము మొదలు లేత నీలము, ఊదా, తెలుపువరకు నుండును. క్యూనియేటస్ అను జాతి సాధారణముగ తెల్లగనే పూచును.

తూర్పుభాగమున మొలచు అమెరికానస్ అను జాతి మూడడుగుల చిన్నపొద. 1773లో బోస్టన్ రేవున తేయాకు పెట్టెలను సముద్రమున బారవేసిన కాలమున, ఆంగ్లేయుల తేయాకును మానిన వలసజనులు దీని యాకునెండబెట్టి కాచి త్రాగిరి. తేయాకులోని మత్తు దీనియందు లేదట, పట్టుదలకొఱకు త్రాగియుందురు. ఈ జాతిని మెక్సికో దేశపు నీలిజాతితో సంకరము చేసి ఫ్రాన్సు దేశపు తోటపనివారు ‘గ్లోయిర్ ద వెర్సాయ్’ మొదలగు తోటరకములను పుట్టించిరి.

కాలిఫోర్నియాలోని పూర్వజనులకు ఈ పొద పూజకో యలంకారమునకో పెంచునది కాదు, పనికివచ్చునది. పూలగుత్తిని తడిచేతులతో నలిపిన మన కుంకుడుకాయవలె నురుగు వచ్చును. దానితో ఒడలు కడుగుకొనిరి. కొన్ని జాతుల పొదలను కాల్చి, మరునాటియేట తిన్నగా లేచిన చువ్వలతో బుట్టలల్లిరి.

నిప్పునకును ఈ పొదకును గల సంబంధము వింతయైనది. దీని గింజతొక్క మిగుల గట్టిది. నేలలో పడి పదులయేండ్లు మొలవక యుండును. కొండకు కార్చిచ్చు తగిలినపుడు ఆ వేడికి తొక్క బీటవారి, తరువాతి వానకు ఒక్కుమ్మడిగ మొలచును. కొన్ని జాతులు కాలిన మోటినుండి మరల చిగుర్చును. కొన్ని కాలి చచ్చి గింజచేతనే వంశము నిలుపుకొనును. తోటవాండ్రు నిప్పునకు బదులు కాగిన నీరు గింజలపై బోసి, ఒక రాత్రి చల్లారనిత్తురు. కొండమీది జాతులకు పిమ్మట కొన్నివారములు చలి కూడ చూపవలసియుండును.

దీని వేళ్లయందు బుడిపెలు గలవు. అందు ఫ్రాంకియా యను సూక్ష్మజీవి కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టున కిచ్చును. మన సముద్రతీరపు సరుగుడుతోటలు వట్టి యిసుకలో పెరుగుటకు కారణము ఈ తెగ సూక్ష్మజీవియే. కావున అడవి లైలాకు రాతినేలనైనను బ్రదుకును, ఎరువడుగదు. కాని సరుగుడు మన వానల కోర్చును, ఇది యోర్వదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

కాలిఫోర్నియాలో వాన చలికాలమున గురియును. వేసవి యంతయు చుక్క పడదు. నేల తడిసినపుడు చల్లగ నుండును, వేడెక్కినపుడు ఎండియుండును. తడియు వేడియు ఏకకాలమున వేరును తాకుట ఈ చెట్టు పుట్టి యెఱుగదు. అట్లు తాకెనా, వేరుకుళ్లు పట్టును. ఆ దేశపు తోటలలోనే వేసవిలో ప్రేమతో నీళ్లు పోసి దీనిని చంపుకొనువారు గలరు. తెలిసినవారు తొలివానలకు నాటి, వేరూనువరకు ఒకటిరెండేండ్లు చూచి, తరువాత వేసవిలో నీరు మానుదురు. అప్పటికిని తోటలో దీని యాయువు పది పదునైదేండ్లు మించుట అరుదు. ముదురుకొమ్మను నఱికిన మరల చిగురించుట కష్టము. లేతకొమ్మలనే పూత యైనపిదప కత్తిరింపవలయును.

ఇదంతయు చదువకముందు మేమును ఒక తెలివితక్కువ పని చేసితిమి. మేము చదివిన మిషను బడిలోని యొక యుపాధ్యాయుడు కాగితపు పొట్లములో థిర్సిఫ్లోరస్ గింజలు తెచ్చి యిచ్చెను. మాఘమాసమున కాగిన నీరు పోసి కుండీలలో విత్తగా పదునొకండు మొలచినవి. ఎండలు ముదిరినకొలది జాలిపడి పూట పూటకు నీళ్లు పోసితిమి; చాలదని గొఱ్ఱెపెంట కూడ వేసితిమి. ఆకు పాలిపోయి, కాండము మొదట నల్లబడి, రోహిణికార్తెలోగా ఎనిమిది పోయినవి. తొలకరితో మరి రెండు పోయినవి. గోడనీడన బీటవడిన కుండీలో, ఇసుకలో, మా పిల్లలు నీరు పోయుట మఱచిన మొక్క యొక్కటి మాత్రము శ్రావణమువరకు నిలిచినది. ఆ తరువాత దానికిని ముసురు పట్టినది. ఊరివారికి పొలముమీద బోధించు మేము మా యింటి కుండీలో ఇట్లు చేసినందుకు నేటికిని సిగ్గుపడుచున్నాము.

మన వాన ఎండతో జంటగా వచ్చును గదా. కావున మైదానపు ఊళ్లకు ఈ మొక్కను సంఘపు సొమ్ముతో తెప్పింపవలదని మా యభిప్రాయము. మొక్కలమ్మువారు ‘ఏ నేలనైనను పెరుగును’ అని వ్రాసిన మాటలో నేలనుగూర్చిన భాగము నిజమే. వానను గూర్చి వారేమియు వ్రాయలేదు.

నీలిపూల కంచెయే కావలయునన్నచో వాగుగట్టున వావిలి యున్నది. దాని ఊదాకంకులు లైలాకంత నిండుగ నుండవు, ఒప్పుకొందుము. కాని పశువు ముట్టదు, ఆకు ధాన్యపు గాదెలో పురుగునకు పనికివచ్చును, మొక్క డబ్బిచ్చి కొనబని లేదు. తొలకరికి బొటనవ్రేలిలావు కొమ్మలను మూరెడుగా కోసి, సగము పూడునట్లు జానెడెడమున గ్రుచ్చవలయును. దానిపై శంఖుపుష్పపు తీగను ప్రాకించినచో పటములోని నీలమునకు దగ్గరి నీలము కంచెనిండ పూచును. కొమ్మలు కావలసిన సభ్యులు మృగశిరకార్తెకు ముందు మా కొక కార్డు వ్రాసినచో, ఏ వాగుగట్టున మంచి వావిలి గలదో తెలియజేయుదుము.