మీకు తెలుసా? చేదుకట్టు వాస్తే చాంతాడంత ఎదురుచూపు అక్కర్లేదు!

• నాటుకోడిని కోసేవాళ్లకు తెలిసిన భయం ఒకటుంది: కాలేయానికి అంటుకున్న ఆ పచ్చటి చేదుకట్టు పగిలిందా, కూరంతా చేదే. మనిషికీ అలాంటి తిత్తే ఉంది. డాక్టర్లు పిత్తాశయం అంటారు. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్ల పసరు.

• పెళ్లి భోజనం చేసిన రాత్రి కుడి డొక్కలో లేచి భుజం దాకా పాకే నొప్పిని కొండవీడులోనైనా నరసరావుపేటలోనైనా ముందు ‘గ్యాస్’ ఖాతాలోనే వేస్తాం. సోడాతో సరిపెడతాం. గంటలు గడిచినా తగ్గక, జ్వరం, వాంతులు తోడైతే తిత్తి మూతికి రాయి అడ్డుపడిందేమోనని అనుమానించాలి. వెంటనే చిలకలూరిపేటకో గుంటూరుకో వెళ్లి స్కానింగ్ తీయించుకోవాలి.

• ‘వాపు తగ్గాక ఆరు వారాలకు ఆపరేషన్‌కు రండి’ అనేవారు ఒకప్పుడు. నూతులు లోతైన ఊరు కనుక పుట్టిన కొండవీటి చాంతాడు మాట ఈ నిరీక్షణకు సరిగ్గా అతుకుతుంది! పైగా ఈలోగా నొప్పి మళ్లీ తిరగబెట్టేది. మొదటి రోజుల్లో నీరుపట్టి మెత్తగా విడివడే తిత్తి చుట్టూ పొరలు, వారాలు గడిచేకొద్దీ మచ్చకట్టి గట్టిపడతాయి. జర్మనీ, స్లొవేనియాల్లో 618 మందిపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపు ఆపరేషన్ చేసినవారిలో 11.8 శాతానికే ఇబ్బందులొచ్చాయి. మందులతో ఆపి తర్వాత చేసినవారిలో 34.4 శాతానికి. గుండెజబ్బులున్న పెద్దవాళ్లకైతే కొన్నిసార్లు ముందు గొట్టం వేసి చీము తీస్తారు.

• పొట్ట కోయకుండా చిల్లులతో ఈ తిత్తిని మొదట తీసింది జర్మనీకి చెందిన ఎరిక్ మ్యూహే, 1985 సెప్టెంబర్ 12న. తోటి సర్జన్లు మెచ్చుకోలేదు సరికదా, ఎగతాళి చేశారు. మన దేశంలో 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో తెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు.

• ఆపరేషన్ పొట్టకైతే భుజం లాగుతుందేమిటని కంగారుపడకండి. లోపల చోటు కోసం నింపిన కార్బన్ డయాక్సైడ్ ఉదరవితానాన్ని (డయాఫ్రమ్‌ను) రేపితే, ఆ నొప్పి నరం దారిన భుజంలో తెలుస్తుంది. వాయువు రక్తంలో కరిగి ఊపిరితో వెళ్లిపోతుంది.

• వాపులో ఏది తిత్తి గొట్టమో, ఏది కాలేయపు పెద్ద గొట్టమో పోల్చుకోవడమే అసలు పరీక్ష. తేలకపోతే మంచి సర్జన్ మొండికెయ్యడు: తిత్తిలో కొంత వదిలేస్తాడు, లేదా పొట్ట తెరుస్తాడు. నా లెక్కలో అది ఓటమి కాదు.

• చివరికి తిత్తిని చిన్న సంచిలో వేసి, చాలాసార్లు బొడ్డు దగ్గరి చిల్లులోంచే లాగుతారు. ఇక్కడా చేదుకట్టు పగలకూడదు మరి! రాళ్లు మాత్రం చిన్న డబ్బాలో బంధువుల చేతికొస్తాయి. ఆ రోజంతా వార్డులో అందరూ వాటినే లెక్కపెడతారు.