స్ప్రేయర్ ప్లగ్గు తెల్లబడితే పిస్టన్‌కు ముప్పు

పవర్ స్ప్రేయర్ చోక్ వేస్తే స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోతోందా? అయితే ఇంజనుకు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువ అందుతోందేమో చూసుకోవాలి. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ కూడా పెట్రోలుతోనే అందుతుంది. అది చాలకపోతే ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. మందు కొట్టే అదును కాస్తా దాటిపోతుంది.

ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. కొన ఇటుక రంగులో ఉంటే ఫర్వాలేదు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంజను తడబడేటప్పుడు చోక్ కొద్దిగా మూయండి. పుంజుకుంటే అనుమానం తీరినట్టే.

తర్వాత స్ప్రేయర్‌ను నేలమీద పెట్టి ట్యాంకు మూత వదులు చేయండి. ఇంజను సర్దుకుంటే మూతకున్న గాలి రంధ్రం పూడుకుందని అర్థం. కాకపోతే ఇంజను ఆపి, చల్లారాక ఫిల్టరు, పైపు శుభ్రం చేయండి. కార్బురేటర్ బోల్టులు బిగించండి. గాస్కెట్ చిరిగితే మార్చండి. జెట్‌ను పెట్రోలుతో కడిగి పంపుతో గాలి కొట్టాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది.

వేడెక్కుతోందని ఆయిల్ ఎక్కువ కలపొద్దు. ఆయిల్ పెరిగితే పెట్రోలు పాలు ఇంకా తగ్గుతుంది. కంపెనీ పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లే పోయాలి. సీజను అయ్యాక ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి ఉంచండి. నిల్వ పెట్రోలు జిగటగా మారి జెట్‌ను మూసేస్తుంది.