బట్టీకి లొంగని ప్రవేశ పరీక్ష

హైదరాబాద్‌లోని నల్సార్‌లోనో, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలోనో అయిదేళ్ల లా కోర్సులో చేరాలంటే క్లాట్ గట్టెక్కాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. దాదాపు 450 మాటల పాసేజీ చదవడానికి పట్టే సమయం కూడా ఆ నిమిషాల్లోంచే పోవాలి. ప్రశ్నలు ఇలా పాసేజీల మీద రావడం 2020లో మొదలైంది. ఇంటర్‌లో మన పిల్లలకు అలవాటైన చదువు వేరు. ముఖ్యమైన ప్రశ్నలకు గీతలు గీసుకోవడం, పదిసార్లు తిరగేయడం, అప్పజెప్పడం. అదే పద్ధతిలో ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చుంటే క్లాట్ వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. మార్చుకోవాల్సింది గంటల లెక్కను కాదు, చదివే తీరును.

క్లాట్‌లోని లీగల్ రీజనింగ్ విభాగాన్నే చూడండి. ఇతరుల భూమిలోకి అనుమతి లేకుండా వెళ్తే, తెలియక వెళ్లినా సరే, అతిక్రమణే అని పాసేజీ చెబుతుంది. గట్టు ఎక్కడుందో తెలియక రామయ్య పక్కవాళ్ల చేలో గేదెల్ని మేపాడు. అతను బాధ్యుడా? పాపం, తెలిసి చేయలేదు కదా అని మనసు చెబుతుంది. ఎక్కడో చదివిన చట్టం ఇంకేదో గుర్తుచేస్తుంది. జవాబు మాత్రం పాసేజీలోని ఆ ఒక్క వాక్యంలోనే ఉంది: బాధ్యుడే. ఇలాంటి తప్పు చేసినప్పుడు సరైన జవాబు చూసి పేజీ తిప్పేస్తే లాభం లేదు. ఏ మాట దాటేశాను, ఎందుకు దాటేశాను అని నోటుబుక్కులో రాసుకోవాలి. రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో తప్పు జవాబుకు కోత ఉండదు. క్లాట్‌లో పావు మార్కు పోతుంది కాబట్టి, తెలియనిది వదిలేయడం కూడా సాధన చేయాల్సిన విద్యే.

కరెంట్ అఫైర్స్‌కు జ్ఞాపకశక్తి వద్దా అని అడగవచ్చు. కావాలి, దాదాపు పావు వంతు మార్కులు అక్కడే ఉన్నాయి. అయితే గుర్తుండాలన్నా మళ్లీ మళ్లీ చదవడం ఒక్కటే మార్గం కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని పదేపదే చదివినవారు అయిదు నిమిషాల తర్వాత మెరుగ్గా చెప్పారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తుచేసుకుంటూ రాసినవారిదే పైచేయి అయింది. పరీక్ష నెలల తర్వాత ఉన్నప్పుడు మనకు కావాల్సింది ఆ రెండో రకం జ్ఞాపకమే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం తెలుగు మాధ్యమంలో చదివినవారిది. పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఆ అన్యాయాన్ని ఏ చదువు చిట్కా చెరపలేదు, అది విధానం మారితే తప్ప తీరదు. అయినా ఈ ఏడు రాయబోయే అమ్మాయి అంతవరకు ఆగలేదు. ఆమె రోజుకొక ఇంగ్లిష్ సంపాదకీయం తీసుకుని, తెలియని మాట తగిలినా ఆగకుండా చివరిదాకా చదవాలి. సారాన్ని తెలుగులోనే రెండు వాక్యాల్లో రాసుకోవాలి. నిఘంటువు తెరవడం ఆ తర్వాత.