రైతుకు రైతే గురువు

“అన్నీ తెలిసినవాడును లేడు, ఏమీ తెలియనివాడును లేడు” అని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాట ఎంత నిజమో నాకు తెలిసివచ్చినది వ్యవసాయ కళాశాలలో కాదు. కాలువ క్రింది ఒక గ్రామములో, సార్వా వరిచేని బురదలో నిలబడినప్పుడు. ఆ అనుభవమును రైతు సోదర సోదరీమణులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

గట్టుమీది సలహా

ఆ గ్రామములో 25 మంది రైతులతో పొలంబడి నడుపుచుంటిమి. వారమున కొకనాడు ఉదయము అందరును ఒక చేనివద్ద కూడుదుము. పైరు పిలకలు వేయుచుండగా ఒక కౌలురైతు ఆదుర్దాతో వచ్చి, తన చేను ఒక మూల పసుపుబారుచున్నదని చెప్పెను. పెట్టుబడి అంతయు అప్పు. పంట పోయినను కౌలు బస్తాలు కొలిచి ఇవ్వక తప్పదు. అప్పటికే అతడు దుకాణములో అరువుమీద మందు మాట్లాడుకొని వచ్చెను. నేను గట్టుమీద నుండియే చూచి, “ఇది సుడిదోమ. సాయంత్రమునకే చేనంతా మందు కొట్టుడు” అని చెప్పితిని.

మా బృందములో చాలకాలము నాట్ల ముఠాకు మేస్త్రీగా పనిచేసిన పెద్దామె ఒకరు కలరు. ఆమె నావైపు చూచి, “బాబుగారూ, దోమ ఉండేది దుబ్బు మొదట్లో గదా! గట్టుమీద నుంచి మీకెట్లా కనబడింది?” అని అడిగినది.

నా వద్ద సమాధానము లేకపోయెను. పంట్లాము మడచి చేనిలోనికి దిగితిని.

ఎవరి నేర్పు వారిది

చేనిలో వేర్వేరు చోట్ల పది దుబ్బులను విడదీసి, మొదళ్లను తట్టి దోమలను లెక్కించితిమి. ఇంటర్మీడియెటు చదివిన ఒక యువకుడు లెక్కను కాగితముపై వ్రాసెను. పసుపుబారిన మూలలో దుబ్బుకు 20కి మించి దోమలు ఉన్నవి. తక్కిన చేనిలో సగటున 6, 7 మాత్రమే. పైగా అక్కడ సాలెపురుగులును, ఆకుపచ్చని మిరిడ్ నల్లులును కనిపించినవి. ఈ నల్లులను అందరును చీడపురుగులనియే తలంచుచుండిరి. అవి సుడిదోమ గ్రుడ్లను, పిల్లలను తిను మిత్రపురుగులని నేను చెప్పితిని. ఆనాడు నేను నేర్పగలిగినది అది.

ఆ మూలలోనే దోమ ఎందుకు చేరినది? నీటి పెట్టుబడిలో అనుభవముగల ఒక వృద్ధరైతు చేనిలో నాలుగడుగులు నడచి, ఆ మూల పల్లమనియు, దిగువచేని వద్ద మురుగుబోదె పూడుకొనిపోయినందున నీరు కదలుట లేదనియు చెప్పెను. ఆకు పసుపుబారినదని కౌలురైతు ఆ మూలకే అదనముగా యూరియా చల్లినట్లు మరియొకరు అతని నోటనే రాబట్టిరి. నిలువనీరు, మితిమీరిన నత్రజని, రెండును దోమకు అనుకూలములే. తన చేనిలో కాలిబాటలు తీసిన వేరొక రైతు, ఆ మూలలో దుబ్బులను ఇరుప్రక్కలకు పాయలుగా తీసి గాలి ఆడునట్లు చేయుట చూపెను.

వృద్ధరైతు దిగువచేని ఆసామితో మాట్లాడి, ఆ సాయంత్రమే బోదె త్రవ్వించెను. నేను వెళ్లి చెప్పియున్నచో ఆ పని అంత త్వరగా జరిగియుండదు. నీరు తీసి, ఆ మూలకు మాత్రమే మొదళ్లు తడియునట్లు మందు కొట్టిరి. మూలలో కొంత పైరు పోయినది. తక్కిన చేను నిలిచినది. కౌలు బస్తాలు చెల్లినవి.

తరువాత పెద్దామె మరియొక సంగతి చెప్పినది. నారు కట్టలు కట్టునప్పుడు ఆకు కొనలమీద గోధుమరంగు నూగుతోనున్న గ్రుడ్ల ముద్దలు కనిపించుననియు, తాను ఆ కొనలు త్రుంచివేయుచుంటిననియు! అవి కాండము తొలుచు పురుగు గ్రుడ్లు. ఈ పద్ధతిని నేను పుస్తకములో చదివితిని. ఆమె వ్రేళ్లు దానిని ఎరుగును. “ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదేమి?” అని అడుగగా, “నన్నెవరు అడిగారు బాబుగారూ?” అనినది.

ఇండోనేషియా పాఠము

పొలంబడి పుట్టుకకు సుడిదోమయే కారణము. ఇండోనేషియాలో పురుగుమందులు విరివిగా వాడినకొలది వరిలో ఈ దోమ పెరిగినది. మందుకు మిత్రపురుగులు చచ్చును. ఆకు తొడిమలలోపలి దోమగ్రుడ్లు మిగులును. దీనిని గుర్తించి ఆ ప్రభుత్వము 1986లో 57 రకముల మందులను వరిపై నిషేధించెను. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో అక్కడ పొలంబడులు మొదలైనవి. అటుపిమ్మట అనేక దేశములకు, మన రాష్ట్రమునకును వ్యాపించినవి. పొలమే బడి, పైరే పుస్తకము అనునది వాటి సూత్రము.

మీ గ్రామములో ఆచరించుటకు

1. పైరు పెరుగుకాలములో వారమున కొకసారి, ఒకే వేళకు, ఒక చేనివద్ద కలిసికొనుడు. ముందు చేనిలో దిగి చూడుడు; పిమ్మట మాటలాడుడు.

2. విత్తనము, నీరు, ఎరువు, పశువులు, నాట్లు, లెక్కలు - వీనిలో ఎవరికి ఏది బాగుగా తెలియునో గుర్తించి, వారిచేతనే చేసి చూపించుడు. కూలికి వచ్చు స్త్రీలను, కౌలురైతులను తప్పక పిలువుడు. పైరును అందరికంటె దగ్గరగా చూచువారు వారే.

3. అభిప్రాయభేదము వచ్చినచో వాదులాడవద్దు. ఒకే మడిని రెండుగా చేసి, ఒక సగములో ఒకరి పద్ధతిని, రెండవ సగములో మరియొకరి పద్ధతిని పెట్టి, కోతనాడు విడివిడిగా తూచుడు. పెద్దరైతు మాటయైనను, అధికారి మాటయైనను ఈ తూకమునకు లోబడవలసినదే.

4. వరి నాటునప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పుపడమరలుగా విడువుడు. దుబ్బుకు 10, 15 దోమలు చేరకముందు మందు తలపెట్టవద్దు.

5. తప్పిన పనిని కూడ దాచక చెప్పుడు. ఒకరి నష్టము పదిమందికి పాఠమగును.

ఆనాటినుండి నేను గట్టుమీద నిలబడి సలహా చెప్పుట మానితిని. చేనిలో దిగిన పిమ్మట నా మొదటి మాట ఒక ప్రశ్న: “మీలో దీనిని ఇంతకుముందు చూచినవారు ఎవరు?” ఎవరో ఒకరు ఉండనే యుందురు. రైతు సోదర సోదరీమణులారా, రాబోవు సార్వాలో మీరును మీ ప్రక్క చేనివారిని ఈ ప్రశ్న అడిగి చూడుడు.