దాహం వేయకముందే నీళ్ళు, ఆకలి కాకముందే ఆహారం

కరీంనగర్ నుండి జగిత్యాలకు సుమారు 50 కిలోమీటర్లు. యౌవనంలో ఒక్క కప్పు చాయ్ తాగి ఆ దూరాన్ని సైకిలుపై అవలీలగా దాటినవాణ్ణి. ఉద్యోగ విరమణానంతరం, 63వ ఏట, అదే ధీమాతో ఫజ్ర్ నమాజు ముగించుకుని పరగడుపున బయలుదేరాను. గంగాధర దాటేసరికి చేతులు వణికాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. వేపచెట్టు కింద కూలబడిన నన్ను ఒక రైతు ఇచ్చిన బెల్లం ముక్క, చెంబెడు నీళ్ళు లేపి నిలబెట్టాయి. సంగతి తెలిసిన మా అబ్బాయి సైకిలుకు తాళం వేసి, "ఇక చాలు అబ్బాజాన్!" అన్నాడు.

అతని భయం న్యాయమైనదే. కాని తప్పు వయసుది కాదు, సైకిలుది అంతకన్నా కాదు. సన్నద్ధత లేకపోవడమే అసలు తప్పు.

శరీరం చక్కెరను గ్లైకోజెన్ రూపంలో కండరాలలోనూ కాలేయంలోనూ నిలవ చేసుకుంటుంది. రాత్రి నిద్రలోనే కాలేయంలోని నిలవ చాలావరకు తరిగిపోతుంది. పరగడుపున దూర ప్రయాణానికి పూనుకోవడమంటే ఖాళీ సంచితో సంతకు వెళ్ళడమే. పైగా వయసు మళ్ళినకొద్దీ దాహం ఆలస్యంగా తెలుస్తుంది. నీటిని నిలుపుకునే శక్తి మూత్రపిండాలకు తగ్గుతుంది. అందుచేత పెద్దలు దాహం కోసం ఎదురుచూడక, గడియారం చూసి నీళ్ళు తాగాలి.

ముందురోజు రాత్రి నూనె, మసాలా తగ్గించి జొన్నరొట్టె లేదా అన్నం, పప్పు తినడం మేలు. వేకువన రెండు అరటిపండ్లు గాని, ఒక గిన్నెడు అంబలి గాని చాలు. పొలానికి వెళ్ళే ముందు అంబలి తాగే మన పల్లె రైతుల అలవాటులో ఎంతో వివేకముంది. ప్రయాణం గంట దాటేటప్పుడు గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం అవసరమవుతుంది. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఖర్జూరాలు, పల్లీపట్టి, బెల్లం కలిపిన సత్తుపిండి సంచిలో ఉంచుకుని, అరగంటకోసారి కొద్దికొద్దిగా తినాలి. పావుగంటకోసారి నాలుగు గుక్కల నీళ్ళు తాగాలి. చెమట ఎక్కువగా పట్టే ఎండాకాలంలో ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఆదిలాబాద్ చలిలో దాహమే అనిపించదు. అప్పుడూ ఈ నియమాన్ని విడువరాదు.

తిరిగి వచ్చాక చాయ్‌తో సరిపెట్టుకోకూడదు. వయసుతోపాటు కరిగే కండరానికి మాంసకృత్తులు కావాలి. గుడ్లు, పెరుగు, ఉడికించిన శనగలు, పప్పు ఒక్క పూటకే పరిమితం కాకుండా రోజంతటా పంచి తినాలి.

ఆహారంతోపాటు సాధన కూడా అవసరం. ఫ్రాన్సుకు చెందిన రాబర్ట్ మార్షాన్ 2012లో, 100 ఏళ్ళ వయసులో, గంటలో 24.25 కిలోమీటర్లు సైకిలు తొక్కారు. రెండేళ్ళ తర్వాత అదే గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కారు! ఈ మధ్యకాలంలో ఆయన సాధనలో అధికభాగం తేలికపాటి వేగంతో సాగినదే. మనకూ అదే మార్గం. మానేరు డ్యామ్ వైపు 10 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారం వారం కొద్దిగా పెంచుకోవాలి. పక్కవారితో ఆయాసపడకుండా మాట్లాడగలిగే వేగమే మన వేగం.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడేవారు, రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. మధుమేహులకు వణుకు, చెమట, తికమక కలిగితే వెంటనే ఆగి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగాలి. ఛాతీలో నొప్పి వస్తే పౌరుషానికి పోక ఆగి, వైద్య సహాయం పొందాలి. మందుల చీటీ, ఇంటివారి ఫోను నంబరు జేబులో ఉండాలి.

మూడు నెలల సాధన తర్వాత జగిత్యాలకు వెళ్ళి క్షేమంగా చేరుకున్నాను. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కి ఆదిలాబాద్ చేరాలన్న కోరిక ఇంకా మిగిలే ఉంది. దానికి తొందర లేదు. ఇప్పుడు మా అబ్బాయి సైకిలుకు తాళం వేయడం లేదు. నేను బయలుదేరే ముందు ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాడు: "సంచిలో ఏం పెట్టుకున్నారు అబ్బాజాన్?"