మసాజ్ చేయడం వస్తే చాలదు.. ఎవరికి చేయకూడదో తెలియాలి!

మసాజ్ అంటే నూనె రాసి ఒళ్లు పట్టడమే అనుకుంటారు చాలామంది. కానీ థెరపిస్టులకు ఇచ్చే అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌లో కీలక పాఠం వేరే ఉంది. ఎవరికి మసాజ్ చేయకూడదో గుర్తుపట్టడమే అది.

ఉదాహరణకు ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది కండరాల నొప్పే కాకపోవచ్చు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దీన్నే డీవీటీ అంటారు. అక్కడ గట్టిగా నొక్కితే ఆ గడ్డ కదిలి, ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం మీదకు రావొచ్చు. మెడను ఒక్కసారిగా తిప్పి ‘టక్’మనిపిస్తే, అరుదుగానే అయినా, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని పొర చిరిగి స్ట్రోక్ వచ్చే ముప్పు ఉంది.

అందుకే సరైన శిక్షణ ఉన్న థెరపిస్టు చెయ్యి వేసేముందే ప్రశ్నలు అడుగుతారు. ఈమధ్య ఆపరేషన్ అయ్యిందా? రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా? గర్భిణులా? అనుమానం వస్తే డాక్టర్ దగ్గరికి పంపేస్తారు.

కొన్ని దేశాలు ఈ వృత్తిని తేలిగ్గా తీసుకోవు. జపాన్‌లో కనీసం 3 ఏళ్లు చదివి, జాతీయ పరీక్ష పాసైతేనే మసాజ్ లైసెన్స్ ఇస్తారు.

కాబట్టి మీ ఆరోగ్యం గురించి ఒక్క మాటైనా అడగకుండా మసాజ్ మొదలుపెడితే.. కాస్త ఆగమని చెప్పండి. మీకున్న జబ్బులు, వాడే మందులు ముందే చెప్పేయండి.